చాయ్‌కి మూడున్నర స్టార్లు, ఫుట్‌బాల్ లిస్టు రోజు గొడవకి ఐదు

ముందే చెప్పేస్తున్నా, హోటల్ పేరు రాయను. కింద కొన్ని తిట్లున్నాయి, రేపు సాయంత్రం మళ్లీ నేను అక్కడే చాయ్ తాగాలి. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం, మూల మీద పాత ఇరానీ హోటల్, పాలరాతి పలకల టేబుళ్లు, వీపు వంగిన చెక్క కుర్చీలు, గల్లా వెనకాల నిలువెత్తు అద్దం. ఇలాంటివి జంట నగరాల్లో ఇంకా మిగిలే ఉన్నాయి కాబట్టి ఇంతమాత్రానికి ఎవరూ పట్టుకోలేరు. పట్టుకున్నారంటే మీరూ అక్కడికి వచ్చేవాళ్లే, మీకు రివ్యూ అక్కర్లేదు.

చాయ్ సంగతి ముందు తేల్చేద్దాం. బాగుంటుంది, అద్భుతం కాదు. డికాషన్ ఒక గిన్నెలో, చిక్కటి పాలు ఇంకో గిన్నెలో విడివిడిగా కాగుతుంటాయి, అడిగినప్పుడు కప్పులో కలిపి ఇస్తారు. సాయంత్రం అయిదింటి నుంచి ఏడింటి దాకా వచ్చే చాయ్ నిజంగా బాగుంటుంది, ఎందుకంటే గిరాకీ ఎక్కువుండి డికాషన్ ఎప్పటికప్పుడు కొత్తది దించుతారు. ఎనిమిది దాటాక అడుగున మిగిలిందే పోస్తారు, ఆ వగరు ఇంటికి వెళ్లేదాకా నాలుక మీదే ఉంటుంది. అప్పుడు పౌనా అడగండి, పాలు ఎక్కువ పడతాయి, గండం గట్టెక్కుతుంది. ఉస్మానియా బిస్కెట్లు బయటి బేకరీ నుంచి వస్తాయి, పొద్దున వచ్చినవి పొద్దునే తినాలి, సాయంత్రానికి మెత్తబడతాయి. బన్ మస్కాలో మస్కా తక్కువ, బన్ ఎక్కువ. ఉల్లిపాయ సమోసాలు మాత్రం ఊళ్లో ఎక్కడ తిన్నా ఇంత కరకరలాడవు. చిన్నవి, రెండు కొరుకుల్లో అయిపోతాయి. ప్లేటు నిండా తెచ్చి పెట్టేసి పోతారు, తిన్నవాటికే లెక్క. ఈ లెక్క గురించి నాకో బాధ ఉంది, కింద చెప్తా.

ఇంతవరకే అయితే ఈ రివ్యూ రాసేవాణ్ణి కాదు. ఈ హోటల్‌లో దొరికేది, మెనూలో లేనిది ఒకటుంది. ఇండియా ఫుట్‌బాల్ టీమ్ క్యాంప్‌కి ఎవరిని పిలిచారో చెప్పే లిస్టు వచ్చిన రోజు సాయంత్రం ఆ కిటికీ పక్క టేబుల్ దగ్గర జరిగే గొడవ.

క్రికెట్ టీమ్ ప్రకటిస్తే ఎక్కడైనా గొడవే, అందులో వింతేం లేదు. మాదాపూర్ వైపు పెద్ద తెరలున్న కెఫేలకి వెళ్తే ఆర్సెనల్ జెర్సీలు, బార్సిలోనా జెర్సీలు, రెండొందల యాభై రూపాయల కాఫీ, మన టీమ్ ఎప్పుడు ఆడుతుందో కూడా తెలియని జనం. తప్పనడం లేదు, నేనూ వెళ్తాను. కానీ ఇండియాకి లెఫ్ట్ బ్యాక్ ఎవరు ఆడాలి అని గొంతు చించుకునే మనుషులు అయిదారుగురు ఒకే టేబుల్ చుట్టూ దొరకడం ఈ ఊళ్లో కష్టం. ఇక్కడ దొరుకుతారు. ఒక మెడికల్ షాపు అన్న, రైల్వేలో పనిచేసే ఒకాయన, పాట్ మార్కెట్‌లో బంగారం పని చేసే బెంగాలీ కుర్రాడు, నేను, ఎప్పుడూ మూల కుర్చీలో కూర్చునే డెబ్బై దాటిన పెద్దాయన. ఎవరినీ ఎవరూ పిలవరు. ఫోన్లో లిస్టు కనపడగానే కాళ్లు అటే లాగుతాయి.

2025 ఆగస్టు లిస్టు రోజు నేను మొదటిసారి ఆ టేబుల్‌లో కలిశాను. ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చి అప్పటికి రెండు వారాలే. సావియో మెదీరా తర్వాత ఒక భారతీయుడు ఆ కుర్చీలో కూర్చోవడానికి పదమూడేళ్లు పట్టింది. ఆయన మొదటి లిస్టులో ముప్పై అయిదు పేర్లు, క్యాంప్ ఆగస్టు 15న బెంగళూరులో మొదలు, క్లబ్బుల టోర్నీ డ్యూరాండ్ కప్ ఆడుతున్నవాళ్లు అది అయ్యాక చేరతారు. మెడికల్ షాపు అన్న ఫోన్ పట్టుకుని స్కూల్లో హాజరు పిలిచినట్టు పేర్లు చదువుతున్నాడు. చివరి దాకా చదివి, ఆగి, మళ్లీ పైకి వెళ్లి మొదటి నుంచి చదివాడు. ఇన్నేళ్లూ మన కోసం గోల్స్ కొట్టిన సునీల్ ఛెత్రి పేరు లేదు.

ఇక మొదలైంది. రైల్వే ఆయన వాదన ఏంటంటే, నలభై ఒక్కేళ్ల మనిషిని ఇంకెన్నాళ్లు మోయిస్తారు, 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్ మీద ఆడి వీడ్కోలు తీసుకున్నాడు, అందరం ఏడ్చాం, మళ్లీ 2025 మార్చిలో పిలిచారు, మాల్దీవుల మీద గోల్ కొట్టాడు, బాగానే ఉంది, కానీ ఇప్పుడైనా కుర్రాళ్లకి ఇవ్వండి. అన్న ఒప్పుకోడు. ఆ సీజన్ ఐఎస్ఎల్‌లో, అంటే మన దేశపు పెద్ద లీగ్‌లో, భారతీయుల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టింది ఎవరు, పద్నాలుగు గోల్స్, ఆ ముసలాయనే కదా, ముందు అతన్ని దాటే కుర్రాణ్ణి చూపించు, తర్వాత తీసెయ్. ఇద్దరూ కరెక్టే, అదే మన ఖర్మ. క్లబ్బులు గోల్ కొట్టే చోట విదేశీయుణ్ణి పెట్టుకుంటాయి, మన కుర్రాళ్లని రెక్కల మీదకి పంపుతాయి, ఇక జాతీయ క్యాంప్‌కొచ్చేసరికి తొమ్మిదో నంబర్, అంటే స్ట్రైకర్, ఎవరంటే మొహమొహాలు చూసుకోవాలి.

మాటలతో తేలక అన్న టేబుల్ మీద టీమ్ పెట్టాడు. సమోసాల ప్లేటు ముందుకి లాగి ఒక్కొక్కటీ తీసి పాలరాయి మీద పేర్చాడు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్‌కి పొడుగు కాబట్టి పంచదార డబ్బా. సెంటర్ బ్యాకులు ఝింగన్, అన్వర్ అలీ, కొంచెం పెద్ద సమోసాలు ఏరి మరీ పెట్టాడు. లెఫ్ట్ బ్యాక్ దగ్గర నేను అడ్డుపడి ఆకాశ్ మిశ్రా అన్నాను, హైదరాబాద్ ఎఫ్‌సీలో పైకొచ్చిన కుర్రాడు కదా, నాకు పక్షపాతం ఉంది, దాచను. కుడి రెక్క మీద ఛాంగ్టే, దాని మీద ఎవరికీ పేచీ లేదు. మిడ్‌ఫీల్డ్ దగ్గర పది నిమిషాలు పోయింది. చివరికి ముందు వరసలో మధ్యన ఒక చోటు మిగిలింది. ఇర్ఫాన్ యద్వాడ్ అన్నారొకరు, విక్రమ్ ప్రతాప్ అన్నారొకరు. అన్న ఎవరి మాటా వినకుండా అక్కడ ఖాళీ సాసర్ బోర్లించాడు. ఇది మన స్ట్రైకర్, అన్నాడు. ఈలోగా రైల్వే ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ రైట్ బ్యాక్‌ని తినేశాడు.

బెంగాలీ కుర్రాడి బాధ వేరు. అతను మోహన్ బగాన్ మనిషి, పచ్చ-మెరూన్ రబ్బరు బ్యాండ్ చేతికి ఎప్పుడూ ఉంటుంది. కొన్ని రోజులకి వాళ్ల క్లబ్ ఏడుగురిని క్యాంప్‌కి పంపనని చెప్పింది, విశాల్ కైత్, లిస్టన్ కొలాసో, సహల్, అనిరుధ్ థాపా, అపుయా, మన్వీర్, దీపక్ టాంగ్రీ. కారణం, ఆ క్యాంప్ తర్వాత ఆడాల్సిన కాఫా టోర్నీ, అంటే మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం పెట్టే కప్పు, మొదలయ్యేది ఫిఫా కిటికీ బయట. ఫిఫా నిర్ణయించిన రోజుల్లో అయితే క్లబ్ నోరెత్తకుండా ఆటగాణ్ణి పంపాల్సిందే, ఆ రోజుల బయట పంపడం పంపకపోవడం వాళ్ల ఇష్టం. ఇది చాలామందికి తెలియదు, దేశం పిలిస్తే ఎవరైనా రావాల్సిందే అనుకుంటారు. ఆ సాయంత్రం మొత్తం ఆ కుర్రాణ్ణి ముద్దాయిని చేసి కూర్చోబెట్టాం, అతనేదో క్లబ్ సెక్రటరీ అయినట్టు. పాపం అతనూ తన వంతు వాదించాడు, రేపు దేశానికి ఆడి కాలు విరిగితే జీతం ఇచ్చేది ఎవరు, క్లబ్బే కదా అని. మెడికల్ షాపు అన్న దానికి జవాబు చెప్పలేక చాయ్ చెప్పాడు. వన్ బై టూ చెప్పాడు, కోపం ఇంకా తగ్గలేదన్నమాట.

ఇక్కడ సర్వీస్ గురించి ఒక మాట. టేబుళ్ల దగ్గర తిరిగే చాచా ఒకాయన ఉన్నారు, ఎంత గొడవైనా కప్పులు మోగకుండా పెట్టి పోతారు. నాలుగు చాయ్‌లకి మూడు గంటలు కూర్చున్నా లేవమని అనరు, అది మాత్రం నూటికి నూరు మార్కులు. కాకపోతే లిస్టు రోజు ఆయన కూడా పక్కనే నిలబడి వింటారు, అందుకే మిగతా టేబుళ్లకి చాయ్ ఆలస్యం. పక్క టేబుల్ వాళ్లు ఇక్కడ ఒక స్టార్ తగ్గిస్తే నేనేం అనలేను.

ఇప్పుడు మూల కుర్చీ పెద్దాయన. ఎక్కువ మాట్లాడరు. చాయ్ సాసర్‌లో పోసుకుని తాగుతారు, ఆ సాసర్ కింద పెడితే మాట్లాడబోతున్నారని అర్థం. ఆగస్టు ఆ రోజు ఛెత్రి గొడవ బాగా ముదిరాక సాసర్ కింద పెట్టారు. రహీం సాబ్ ఉంటేనా, అని మొదలుపెట్టారు.

సయ్యద్ అబ్దుల్ రహీం గురించి ఈ ఊళ్లో పుట్టినవాళ్లకి కూడా ఈ మధ్య దాకా సరిగ్గా తెలియదు. వృత్తికి స్కూల్ మాస్టారు, పేరొచ్చింది ఫుట్‌బాల్ కోచ్‌గా. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ అనే పెద్ద టోర్నీ గెలిపించాడు, 1950 నుంచి 54 దాకా. ఇండియాకి 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. పెద్దాయన చెప్పింది మాత్రం పతకాల గురించి కాదు. తులసీదాస్ బలరాం గురించి. అమ్ముగూడ కుర్రాడు, ఆట చూసి రహీం క్యాంప్‌కి రమ్మంటే, రోజూ అంత దూరం రావడానికి డబ్బుల్లేవు సార్ అన్నాడట. అయితే సైకిల్ నేను చూస్తా, నువ్వు రా అన్నాడట ఆయన. అలా క్యాంప్‌కి వచ్చినవాడు 1956లో ఒలింపిక్స్‌కి, 1960లో ఇంకో ఒలింపిక్స్‌కి వెళ్లాడు. అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్‌కి (ఇప్పటి ఎల్బీ స్టేడియం) సైకిల్ తొక్కడం అంటే ఎంత దూరమో మీరే లెక్కేసుకోండి, దారిలో ట్యాంక్‌బండ్ గాలి ఎదురు కొడుతుంది.

రైల్వే ఆయన ఊరుకోలేదు. అప్పుడు పాతిక మందిలోంచి ఏరుకోవడం సులువు అంకుల్, ఇప్పుడు ఎన్ని లెక్కలు అన్నాడు. పెద్దాయన నవ్వి, 1962 ఏషియన్ గేమ్స్ జకార్తా ఫైనల్ చెప్పారు. దక్షిణ కొరియా అంతకు ముందే మనల్ని గ్రూపులో 2-0తో కొట్టింది. ఫైనల్‌కి గోల్‌కీపర్ తంగరాజ్‌కి ఫ్లూ, బాగున్న ఇంకో గోల్‌కీపర్ పక్కనే ఉన్నాడు, అయినా ఫ్లూ ఉన్నవాణ్ణే దించాడు రహీం, కొరియా వాళ్ల ఎత్తు బంతులకి ఆ ఎత్తు కావాలని. జర్నైల్ సింగ్ డిఫెండర్, తలకి కుట్లు, డిఫెన్స్‌లో నిలబెడితే తలతో కొట్టాలి కదా అని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. అతనే గోల్ కొట్టాడు, పి.కె. బెనర్జీ ఇంకోటి, 2-1. ఇదంతా ఫోన్లో పేర్లు చూసి చేసే పని కాదు బేటా, అన్నారు. అప్పటికే రహీంకి క్యాన్సర్, మరుసటి ఏడు జూన్‌లో పోయారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చాచా వచ్చి పెద్దాయన సాసర్ తీసి వేడి చాయ్ ఇంకోటి పెట్టారు, దాని డబ్బులు బిల్లులో రాలేదు, నేను చూశాను.

ఇప్పుడు తిట్లు.

టీవీ. గల్లా పైన గోడకి పాతది ఉంటుంది, సౌండ్ ఎప్పుడూ ఉండదు, రిమోట్ హోటల్ ఓనర్ సేఠ్ జేబులో. ఎక్కడ క్రికెట్ ఉంటే అది పెడతారు, క్రికెట్ లేకపోతే పాత క్రికెట్. పైగా ఇండియా ఫుట్‌బాల్ మ్యాచులు టీవీలో రావడమే తక్కువ, ఆ కాఫా టోర్నీ మొత్తం ఫ్యాన్‌కోడ్ యాప్‌లో చూశాం. సెప్టెంబర్ 8, సోమవారం, సాయంత్రం అయిదున్నరకి ఒమాన్‌తో మూడో స్థానం మ్యాచ్. నేను ఆఫీసులో కడుపు నొప్పి అని చెప్పి వచ్చాను. బెంగాలీ కుర్రాడి ఫోన్ పంచదార డబ్బాకి ఆనించి పెట్టాం, ఏడుగురు మనుషులు, అరచేయంత తెర. ఒమాన్ ముందు కొట్టింది, ఉదాంత సింగ్ సమం చేశాడు, అదనపు సమయం, పెనాల్టీలు. సరిగ్గా ఆఖరి పెనాల్టీల ముందు ఫోన్లో చుట్టూ తిరిగే ఆ గుండ్రటి గుర్తు వచ్చింది. వైఫై అడిగితే సేఠ్ అది ఇంటి వాళ్లకి మాత్రమే అన్నాడు. పక్కవాడి హాట్‌స్పాట్ దొరికి మళ్లీ మొదలయ్యేసరికి గుర్‌ప్రీత్ ఆఖరిది ఆపేశాడు, మేము చూసింది అతను పరిగెత్తడం మాత్రమే. 3-2. అరిచిన అరుపుకి సేఠ్ లేచి నిలబడి ఏ గ్లాసు పగిలిందని అడిగాడు.

బిల్లు. సమోసాలు తిన్నవాటికే లెక్క అన్నాను కదా. ఆగస్టు రోజు టేబుల్ మీద పేర్చిన టీమ్ ఉంది చూశారూ, పదకొండు మందిలో గోల్‌కీపర్ డబ్బా, స్ట్రైకర్ సాసర్, అంటే తొమ్మిది సమోసాలు. మేము తిన్నది అయిదు. నాలుగు మిగిలాయి. గల్లా దగ్గర తొమ్మిదికీ వేశారు. అడిగితే టేబుల్ మీద పెట్టినవి మళ్లీ ప్లేటులో పెట్టలేం కదా అన్నాడు సేఠ్. నిజమే, శుభ్రత విషయంలో ఆయన మాట కాదనలేను, ఆ సమోసాలు తర్వాత ఇంకెవరికైనా పెట్టి ఉంటే ఇక్కడ వేరే రకం రివ్యూ రాసేవాణ్ణి. కానీ ముందు చెప్పాలి కదా. ఆ రోజు రెండు సెంటర్ బ్యాకులని, ఒక మిడ్‌ఫీల్డర్‌ని, ఛాంగ్టేని పేపర్లో కట్టుకుని ఇంటికి తీసుకెళ్లాను.

ఇంకో తిట్టు, కొంచెం పెద్దది. ఆడవాళ్లు కూర్చోవడానికి ఇబ్బంది. లోపల తెర కట్టిన ఫ్యామిలీ క్యాబిన్ ఒకటుంది, అందులో వెలుతురు తక్కువ, ఫ్యాన్ శబ్దం ఎక్కువ. బయట టేబుళ్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుంటే జనం చూసే చూపులు నాకే బాగోవు. అక్టోబర్‌లో సింగపూర్‌తో ఏషియన్ కప్ క్వాలిఫయర్ మ్యాచుల ముందు లిస్టు వచ్చింది, ఈసారి ఛెత్రి ఉన్నాడు, అన్న గెలిచినట్టు మొహం పెట్టుకుని తిరుగుతున్నాడు, నేను ఎప్పటిలాగే నా పాత ఏడుపు మొదలుపెట్టాను. రహీం ఊరి నుంచి, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ లాంటి పాత ఆటగాళ్ల ఊరి నుంచి ఇవాళ లిస్టులో మన కుర్రాడు ఒక్కడు లేడు, ఐఎస్ఎల్ కప్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా ఢిల్లీ వెళ్లిపోయి పేరు మార్చుకుంటోంది, ఇలా. అవతలి టేబుల్ దగ్గర నాన్నతో కూర్చుని బన్ మస్కా తింటున్న అమ్మాయి, ఇంటర్ చదువుతుందేమో, ఇటు తిరిగింది.

"అన్నా, మీ లిస్టులో తెలంగాణ వాళ్లు లేరని అంటున్నారు కదా, సౌమ్య గుగులోత్ ఎవరు మరి?"

టేబుల్ అంతా నిశ్శబ్దం. సౌమ్య నిజామాబాద్ అమ్మాయి, ఇండియా అమ్మాయిల టీమ్‌లో ఫార్వర్డ్, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి కూడా వెళ్లొచ్చింది, 2024-25కి ఫెడరేషన్ ఇచ్చే ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెదే. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ మన లిస్టు అనగానే నాకు గుర్తొచ్చింది అబ్బాయిల లిస్టు మాత్రమే. ఆ అమ్మాయి ఇంకా ఆగలేదు. జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ని 2-1తో కొట్టి మనవాళ్లు ఏషియన్ కప్‌కి వెళ్లారు, రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్, క్వాలిఫయర్స్ ఆడి గెలిచి వెళ్లడం ఇదే మొదటిసారి, ఆ రోజు ఇక్కడ ఎంతమంది చూశారు అని అడిగింది. పెద్దాయన ఒక్కరే చెయ్యెత్తారు. ఆయన ఎలా చూశారో నాకు ఇప్పటికీ తెలియదు, ఆయన దగ్గరున్నది బటన్ల ఫోన్. వాళ్ల నాన్న నవ్వాపుకుంటూ చాయ్ తాగుతున్నాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి మళ్లీ కనపడలేదు. ఆ చూపులున్నంత కాలం రాదు కూడా. సేఠ్, ఇది చదివితే, ఆ తెర తీసేయండి, అందులో ట్యూబ్‌లైటు మార్చండి.

సింగపూర్ సంగతి మీకు తెలిసిందే. అక్కడ 1-1, ఆఖరి నిమిషాల్లో రహీం అలీ సమం చేశాడు, ఆ రాత్రి రహీం అన్న పేరు వినగానే పెద్దాయన మొహం చూడాలి. అక్టోబర్ 14న గోవాలో 1-2, ఛాంగ్టే ముందు కొట్టినా నిలబెట్టుకోలేదు. ఏషియన్ కప్ ఆశ అయిపోయింది. ఆ సాయంత్రం చాయ్ ఎలా ఉందో గుర్తులేదు.

ఆఖరుగా నవంబర్ లిస్టు, ఎందుకంటే ఇప్పటివరకు చూసిన గొడవల్లో అదే పెద్దది. బంగ్లాదేశ్ మ్యాచ్‌కి క్యాంప్, అందులో ఇద్దరు కొత్తవాళ్లు. ఒకరు ర్యాన్ విలియమ్స్, ఆస్ట్రేలియాలో పుట్టి పెరిగి ఆ దేశానికి ఒక మ్యాచ్ కూడా ఆడినవాడు, బెంగళూరు ఎఫ్‌సీలో ఆడుతూ అక్కడి పాస్‌పోర్టు వదులుకుని మనది తీసుకున్నాడు. ఇంకొకరు అభనీత్ భారతి, మనవాడే, కానీ అప్పుడు ఆడుతున్నది బొలీవియాలో. అంటే ఒకడు బయట పుట్టి లోపలికొచ్చినవాడు, ఒకడు లోపలివాడై ఉండి బయట ఆడుతున్నవాడు, ఇద్దరూ ఒకే క్యాంప్‌లో. రైల్వే ఆయనకి విలియమ్స్ నచ్చలేదు. మన పిల్లల చోటు పోతుంది, ఇదేం అరువు సరుకు అన్నాడు. అరువు కాదు, వాళ్ల అమ్మ ముంబై ఆంగ్లో ఇండియన్ ఇంటి మనిషి, అని అన్న. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా ఇదివరకే ఇలా పాస్‌పోర్టు మార్చుకుని మనకి ఆడాడు కదా, అప్పుడు ఆకాశం విరిగిపడిందా, అని బెంగాలీ కుర్రాడు. ఇక్కడ నేను రైల్వే ఆయన వైపు లేను. పౌరసత్వం వదులుకోవడం అంటే చిన్న విషయం కాదు, మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో గ్రీన్ కార్డు లైన్లో పదకొండేళ్లుగా నిలబడి ఉన్నాడు, ఇతను ఎదురు దిక్కున నడిచొచ్చాడు. ఆడనివ్వండి.

ఆడనివ్వలేదు. ఆస్ట్రేలియా వైపు నుంచి, ఫిఫా నుంచి రావాల్సిన కాగితాలు టైముకి రాలేదు, విలియమ్స్ ఢాకా మ్యాచ్‌లో దిగలేదు. నవంబర్ 18న 0-1. బంగ్లాదేశ్ చేతిలో మనం ఓడి ఇరవై రెండేళ్లయింది అంతకుముందు. సరిగ్గా ఏడాది కిందట అదే నవంబర్ 18న నేను గచ్చిబౌలిలో మలేసియాతో మ్యాచ్‌కి వెళ్లాను, 1-1, గుర్‌ప్రీత్ ముందుకొచ్చి తప్పు చేశాడు, డిఫెండర్ భేకే తలతో గోల్ కొట్టి లెక్క సరిచేశాడు. ఆ 2024 మొత్తంలో మన టీమ్ ఒక్క మ్యాచ్ గెలవలేదు. అయినా వెళ్లాను. స్టేడియంలో ఖాళీ కుర్చీలు చాలానే కనిపించాయి. 2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ వచ్చినప్పుడు మాత్రం వేలకి వేలు పోసి టికెట్లు కొన్నారు జనం, మా ఆఫీసులోనే నలుగురు. కాసేపు బంతి తన్ని వెళ్లాడు. సంతోషం. ఆ నలుగురినీ ఒక లిస్టు రోజు ఈ హోటల్‌కి తీసుకెళ్లాలని ఉంది, ఇంకా కుదరలేదు.

వెళ్లేవాళ్లకి కొన్ని పనికొచ్చే మాటలు. బండి హోటల్ ముందు పెట్టొద్దు, ట్రాఫిక్ వాళ్లు ఫొటో తీస్తారు, వెనక సందులో పెట్టుకోండి. యూపీఐ తీసుకుంటారు, యాభై కంటే తక్కువైతే సేఠ్ మొహం మారుతుంది. ఆదివారం పొద్దున కప్పులు హడావుడిగా కడుగుతారు, అంచులు చూసుకుని తాగండి. బాత్రూమ్ గురించి అడక్కండి. సమోసాలతో టీమ్ పెట్టాలనుకుంటే ముందే సేఠ్‌కి చెప్పండి, లేదా ప్లేటులోనే పెట్టండి. పెద్దాయన కుర్చీ మూలది, ఖాళీగా ఉన్నా అందులో కూర్చోకండి, ఎవరూ ఏమీ అనరు గానీ చాచా మీకు చాయ్ తేవడం మర్చిపోతారు. కిటికీ పక్క టేబుల్ దొరికితే గోడ వైపు కుర్చీ తీసుకోండి, ఇటు వైపు పైన ఉన్న ఫ్యాన్ ఆగస్టు నుంచి తిరగడం లేదు.